మేడమీదికి నెట్టు: ఒక వైరు, రెండు వైఫైలు, నెల రోజుల పని

జూన్ 7, 2025, శనివారం

ఈ రోజు నుంచి రాసి పెట్టుకుంటాను. లేకపోతే ఏ డబ్బాకి ఏ నంబరిచ్చానో ఆరు నెలల తర్వాత నాకే గుర్తుండదు.

పరిస్థితి ఇదీ. భీమవరంలో మాది పాతికేళ్ల కిందట కట్టిన మేడ. కింద అత్తయ్యగారు, మామయ్యగారు. పైన నేను, ఎనిమిదో తరగతి చదివే మా వాడు. మా ఆయనకి పుణెలో ఉద్యోగం. ఫైబర్ కనెక్షన్ 150 ఎంబీపీఎస్‌ది, దాని డబ్బా కింద హాల్లో టీవీ పక్కన ఉంది. హాల్లో సోఫాలో కూర్చుంటే ఫోన్లో 140 పైనే వస్తుంది. మెట్లెక్కి నా గదిలోకి వస్తే 4. అదీ కుర్చీని తలుపు దగ్గరికి జరుపుకుంటే.

నా ఉద్యోగమంతా ఇంటి నుంచే. మీటింగులో నేను మాట్లాడటం మొదలెట్టగానే ఎవరో ఒకరు "మేడం, మీ వాయిస్ కట్ అవుతోంది" అంటారు. నిన్న అది మూడోసారి. ఇక ఓపిక అయిపోయింది.

ముందు కొలతలు. ఫోన్లో వైఫై కొలిచే యాప్ పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. సిగ్నల్ బలం హాల్లో మైనస్ 42 డీబీఎం, మెట్ల మలుపులో మైనస్ 66, నా బల్ల దగ్గర మైనస్ 82. ఈ లెక్కలో మూడు తగ్గితే సిగ్నల్ సగమైనట్టు, పది తగ్గితే పదో వంతుకి పడ్డట్టు. అంటే హాలుకీ నా బల్లకీ మధ్య పదివేల వంతుకి పోతోంది. మధ్యలో ఇనప చువ్వల స్లాబు, దానికి తోడు రెండు తొమ్మిదంగుళాల గోడలు. 5 గిగాహెర్ట్జ్ వైఫై అయితే నా గదిలో పేరుకి కూడా కనిపించదు. కనిపించేది దానికంటే దూరం పోయే 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే, అది కూడా పక్కిళ్ల వైఫైలతో కిక్కిరిసి ఉంది.

జూన్ 8, ఆదివారం

మృగశిర కార్తె వచ్చిందన్న మాటే గానీ ఉక్కపోత అలాగే ఉంది.

వైఫైని అందుకుని మళ్లీ ముందుకి పంపే రిపీటర్ ఒకటి కిందటి నెల ఆన్‌లైన్లో కొన్నాను, దానికి ఇవాళ చివరి అవకాశం ఇచ్చాను. మెట్ల మలుపు దగ్గర ప్లగ్గులో పెడితే ఫోన్లో గీతలన్నీ నిండుగా కనిపించాయి. వేగం చూస్తే 11. గీతలు చూపించేది నాకూ రిపీటర్‌కీ మధ్య సిగ్నల్‌ని. రిపీటర్‌కి కింది నుంచి ఏమొస్తోందో వాటికి తెలియదు. పైగా చవక రకం కాబట్టి దాన్లో ఉన్నది ఒకే రేడియో. కింది మాట వినాలి, మళ్లీ అదే ఛానెల్లో పైకి చెప్పాలి. వినేటప్పుడు చెప్పలేదు, చెప్పేటప్పుడు వినలేదు. సగం సమయం అక్కడే పోతుంది. సరిగ్గా వినపడనివాణ్ని మధ్యవర్తిగా పెట్టుకున్నట్టుంది నా పని.

కరెంటు వైర్ల మీదే నెట్టు పంపే అడాప్టర్లు ఉంటాయి కదా అని మామయ్యగారిని అడిగాను. ఆయన విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. వైర్ల సంగతంటే పేపరు పక్కన పెట్టేస్తారు.

"పైదీ కిందిదీ ఒకే ఫేజు కాదమ్మా. మనది త్రీఫేజు. కింద ఆర్, పైన వై. నీ సిగ్నలు ఒక ఫేజు మీంచి ఇంకోదాని మీదికి గెంతాలి. గెంతినా ఏం మిగులుతుంది?"

ఆ అడాప్టర్లు కొన్న చాలామంది చెప్పే కష్టం సరిగ్గా అదే. డబ్బులు పెట్టకుండానే తేలిపోయింది.

"ఇంతకీ వైరు వెయ్యడానికేం?" అన్నారు.

నిజమే, ఏం? నెల రోజులుగా నేను తప్పించుకు తిరుగుతున్నది ఆ ఒక్క పనినే. వైఫై అని పేరు ఉంది కాబట్టి వైరు లేకుండానే అన్నీ జరిగిపోవాలని ఎక్కడో మనసులో ఉండిపోయింది. నా గదికి కావలసింది దూరం నుంచి వచ్చే వైఫై కాదు, నా గదిలోనే పుట్టే వైఫై. అది పుట్టాలంటే ఒక తీగ పైదాకా రావాలి.

దారి గురించి గంట చర్చ. హాలు కిటికీలోంచి బయటికి తీసి, గోడ వెంబడి పైకి పాకించి, నా కిటికీలోంచి లోపలికి తేవడం నా ఆలోచన. మామయ్యగారు ఒక్క ముక్కలో కొట్టేశారు. "ఉరుములొచ్చే రోజుల్లో బయట రాగి తీగ వేలాడదీస్తావా?" పిడుగు నేరుగా మన ఇంటి మీదే పడక్కర్లేదట. దగ్గర్లో పడినా బయట పొడుగ్గా ఉన్న తీగలో వోల్టేజి పుడుతుంది, రెండు చివర్ల డబ్బాలూ పోతాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ఇల్లు కట్టినప్పుడే పైగదిలో టీవీ పాయింటు కోసం గోడలో పైపు వేశారు. దాన్లో పాత కేబుల్ టీవీ వైరు పన్నెండేళ్లుగా ఏ పనీ లేకుండా పడి ఉంది. కరెంటు పైపులకి అది వేరు, దూరంగానే ఉంది. దారి దొరికింది.

జూన్ 14, శనివారం

క్యాట్ 6 అనే నెట్‌వర్కు వైరు తెచ్చాను. బజార్లో ఒక షాపులో మీటరు 14 రూపాయలన్నారు. 35 మీటర్లు కోయించుకుని, పెద్ద బేరం కొట్టినట్టు వచ్చాను.

మామయ్యగారు చుట్టని చేత్తో ఎత్తి చూశారు. దించి మళ్లీ ఎత్తారు. "ఇంత తేలిగ్గా ఉందేంటి?" అని లోపలికెళ్లి గడ్డం బ్లేడు తెచ్చారు. ఒక కొస తొక్క తీసి, సన్నటి తీగని బ్లేడుతో గీకారు. పైన రాగి రంగు లేచిపోయింది. లోపల తెల్లగా వెండిలా మెరిసింది. "ఇది రాగి కాదు. అల్యూమినియం, దానికి రాగి పూత." ఆ తీగనే వేళ్లతో మూడుసార్లు అటూ ఇటూ వంచారు. నాలుగోసారికి పుటుక్కుమని విరిగింది.

దీన్ని సీసీఏ అంటారు, చదివే ఉన్నాను. బ్లేడు పెట్టి చూడాలన్నదే తట్టలేదు. రాగి కంటే నిరోధం ఎక్కువ, బిగించిన చోట విరుగుతుంది, దాన్లోంచి కరెంటు కూడా పంపాల్సి వస్తే వేడెక్కుతుంది. షాపాయన గొడవ చెయ్యకుండా వెనక్కి తీసుకున్నాడు గానీ, "అందరూ ఇదే వాడుతున్నారు మేడం" అని రెండుసార్లు అన్నాడు. వేరే షాపులో పూర్తి రాగిది మీటరు 28కి దొరికింది. ఈసారి కొనేముందే కొస గీకి చూశాను. షాపువాడు నవ్వాడు. నవ్వనీ.

మిగతా సరుకు: వైరు కొసలకి పెట్టే ఆర్‌జే 45 కనెక్టర్లు ఇరవై, వాటిని బిగించే క్రింపింగ్ టూలు ఒకటి, ఎనిమిది లైట్ల టెస్టరు ఒకటి. కనెక్టర్లు ఇరవై ఎందుకని అడిగితే, నా చేతి పనితనం మీద నాకున్న నమ్మకం అంతే అన్నాను.

జూన్ 15, ఆదివారం

పొద్దున్నే ఎండ ముదరకముందే మొదలెట్టాం. పద్ధతి సులువు: పాత కేబుల్ వైరు కింది కొసకి కొత్త వైరు కట్టాలి, పైనుంచి పాతది లాగితే దాని వెనకే కొత్తది వస్తుంది. అందుకే కనెక్టరు ముందు బిగించకూడదు. అది ఉంటే పైపులో పట్టదు.

రెండు కొసల్నీ పక్కపక్కన పెట్టి మెలేసి కట్టబోయాను. మామయ్యగారు ఆపారు. అలా కడితే ముడి దగ్గర బొడిపె లేస్తుంది, మొదటి వంపులోనే ఇరుక్కుంటుంది. ఆయన కొత్త వైరు తొక్క జానెడు ఒలిచి, లోపలి తీగల్లో నాలుగిటిని మెట్లు మెట్లుగా ఒకదానికంటే ఒకటి పొట్టిగా కత్తిరించారు. మిగతా నాలుగిటినీ పాత వైరుకి చుట్టి, కింది నుంచి పైకి నల్ల టేపు సాగదీసి చుట్టారు. అంతా అయ్యేసరికి ఆ ముడి చెక్కిన పెన్సిలు మొనలా సన్నగా తేలింది. లైన్ల మీద ముప్ఫయ్యేళ్లు చేసిన చెయ్యి అది.

ఆయన కింద వైరు అందిస్తూ, నేను పైన లాగుతూ. మధ్యలో మెట్ల మీద మా వాడు, మాటలు చేరవెయ్యడానికి. "తాతయ్య ఆగమంటున్నారు", "అమ్మ లాగుతానంటోంది". ఆరు మీటర్లు సాఫీగా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. గట్టిగా లాగితే పాతది తెగుతుంది, తెగితే గోడ పగలగొట్టడమే. టెన్షన్‌తో నా అరచేతులు చెమటలు పట్టేశాయి.

అత్తయ్యగారు వచ్చి చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్లి ఒంటికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చిచ్చారు. "గాజులు దిగకపోతే సబ్బో పౌడరో రాయమూ? ఇదీ అంతే." కింది వైరుని రెండు మీటర్లు వెనక్కి లాగి, పౌడరు దట్టంగా పట్టించి మళ్లీ వదిలాం. నేను పైన లాగడం కాకుండా చిన్నచిన్నగా కుదిపాను. మూడో కుదుపుకి వంపు దాటింది. పది నిమిషాల్లో టేపు చుట్టిన మొన నా గది గోడలోంచి తెల్లగా పౌడరు పూసుకుని బయటికొచ్చింది. గదంతా మల్లెపూల వాసన.

వేసింది 26 మీటర్లు. రెండు కొసల్లోనూ మీటరున్నర చొప్పున మిగులు వదిలాం. ఈ రకం వైరుకి హద్దు 100 మీటర్లు కాబట్టి దూరం గురించి బెంగ లేదు.

జూన్ 21, శనివారం

ఈ రోజు పరువు పోయింది.

ఎనిమిది తీగలు, నాలుగు జతలు. కింద మామయ్యగారు, పైన నేను, ఎవరి కొస వాళ్లం బిగించాం. వరస నేనే చెప్పాను: ఆరెంజి జత, గ్రీను జత, బ్లూ జత, బ్రౌను జత. చక్కగా జతలు జతలుగా. టెస్టరు పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలిగాయి. మా వాడు చప్పట్లు కొట్టాడు. ల్యాప్‌టాప్‌కి గుచ్చితే ఒకసారి 100, ఒకసారి 10 చూపించి, నిమిషానికోసారి తెగిపోతోంది.

గంటన్నర కొట్టుకున్నాక తప్పు తెలిసింది. టెస్టరు చూసేది తీగ ఈ కొస నుంచి ఆ కొసకి అందిందా లేదా అని మాత్రమే. ఏ తీగ దేనితో మెలి తిరిగి ఉందో దానికి తెలియదు. నెట్‌వర్కు కార్డు మాత్రం 1, 2ని ఒక జతగా, 3, 6ని ఇంకో జతగా వాడుతుంది. నేను పెట్టిన వరసలో 3 గ్రీను జతది, 6 బ్లూ జతది. రెండూ వేర్వేరు మెలికలు. జతలో ఒక తీగకి తగిలిన గోల రెండో తీగకీ సమానంగా తగిలితేనే అవతలి కొసలో అది కొట్టుకుపోతుంది. జత విడిపోతే ఆ లాభం పోయినట్టే.

సరైన వరస ఇదీ, గోడ మీద పెన్సిలుతో కూడా రాశాను: తెలుపు ఆరెంజి, ఆరెంజి, తెలుపు గ్రీను, బ్లూ, తెలుపు బ్లూ, గ్రీను, తెలుపు బ్రౌను, బ్రౌను. పేరు టీ568బీ.

"గ్రీనుని విడదీసి మధ్యలో బ్లూని కూర్చోబెట్టారేం?" అని మామయ్యగారు. పాత టెలిఫోను జత మధ్య రెండు పిన్నుల్లో ఉండేది, దానికి సరిపడేలా ఆ చోటు అలా ఉంచేశారు. టెలిఫోను అనేసరికి ఆయనకి వెంటనే అర్థమైంది. కరెంటు ఫేజుల ఆర్, వై, బీ తప్ప ఇంకో వరస తెలియని మనిషికి ఈ ఎనిమిది రంగులూ పది నిమిషాల్లో నోటికొచ్చేశాయి. నేను ఇప్పటికీ గోడ వంక చూస్తున్నాను.

కొత్త కనెక్టర్లు బిగించాక ల్యాప్‌టాప్‌లో 1 గిగాబిట్ లింకు, స్పీడు టెస్టులో 148. బల్ల దగ్గరే, నిలకడగా. పాడైన కనెక్టర్లు ఏడు. ఇరవై కొన్నది తప్పు లెక్కేం కాదు.

జూన్ 22, ఆదివారం

వైరు ల్యాప్‌టాప్‌కి సరే, ఫోన్లకీ మా వాడి టాబ్‌కీ వైఫై కావాలి. అటక మీదున్న పాత రౌటర్ దింపాను.

మొదటి ప్రయత్నం: పైకొచ్చిన వైరుని రౌటర్ వెనక రంగు వేరుగా ఉండే వాన్ పోర్టులో, అంటే బయటి నెట్టు వచ్చే కన్నంలో పెట్టాను. నెట్టొచ్చింది. కానీ పైనుంచి ప్రింట్ కొడితే కింద ప్రింటరు కనపడదు. పాత రౌటర్ పైన తన సొంత సంసారం పెట్టేసింది. కింది ఇంటికీ దానికీ మధ్య తలుపు వేసుకుంది. నాకు కావలసింది ఒకే ఇల్లు.

రెండో ప్రయత్నం: వైరుని ఇంట్లో వస్తువుల కోసం ఉండే మామూలు లాన్ పోర్టులోకి మార్చాను. రౌటర్‌కి 192.168.1.2 అని కొత్త నంబరిచ్చాను. కింది డబ్బా 192.168.1.1 కదా, దాని పక్క నంబరు. ప్రింటరు కనపడింది. నేను టీ పెట్టుకోవడానికి కిందికి దిగాను.

"అమ్మాయ్, టీవీలో ఏదీ రావట్లేదు." అత్తయ్యగారు నిన్న మిస్సయిన సీరియల్ ఎపిసోడ్ యాప్‌లో పెట్టుకోబోతున్నారు. చక్రం తిరుగుతోంది. మామయ్యగారి ఫోన్లోనూ అంతే. నా ఫోను మాత్రం బాగానే ఉంది. ఏదో ఒక ఫోన్లో వచ్చి ఇంకోదాన్లో రాకపోవడం అన్నిటికంటే చిరాకు పెట్టే జబ్బు.

కారణం డీహెచ్‌సీపీ. ఇంట్లో చేరే ప్రతి ఫోనుకీ, టీవీకీ నంబరిచ్చి, "బయటికెళ్లే గుమ్మం ఫలానా చోట" అని చెప్పే పని అది. ఆ పని కింది డబ్బా చేస్తోంది. పాత రౌటర్లో ఆపడం నేను మర్చిపోయాను కాబట్టి అదీ చేస్తోంది. ఎవరు ముందు పలికితే టీవీ వాళ్ల మాట వింటుంది. పాత రౌటర్ మాట విన్నవాళ్లు గుమ్మం 192.168.1.2 అనుకుని అక్కడికెళ్లి నిలబడ్డారు. అక్కడ గోడే తప్ప గుమ్మం లేదు.

పాత రౌటర్లో డీహెచ్‌సీపీ ఆపాను. కింది డబ్బాలో పంచే నంబర్లు 100 నుంచి మొదలయ్యేలా మార్చాను, నేను చేత్తో ఇచ్చిన చిన్న నంబర్లతో ఎప్పుడూ తగువు రాకుండా. టీవీ ఆపి ఆన్ చేస్తే సీరియల్ వచ్చింది. అప్పటికి అత్తయ్యగారు వంటింట్లోకి వెళ్లిపోయారు.

జూన్ 25, బుధవారం

చిన్న సర్దుబాట్లు. పైనా కిందా వైఫైకి ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు. ఛానెళ్లు మాత్రం వేరు: కింద 1, పైన 11. 2.4లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. పక్కింటివాళ్లది 6 మీద ఉంది.

మెట్లెక్కేటప్పుడు ఫోను పైదానికి మారకుండా కిందిదాన్నే పట్టుకు వేలాడుతోంది. మారాలా వద్దా అన్నది ఫోను ఇష్టం, రౌటర్‌ది కాదు. కింది డబ్బాలో 2.4 పవరు ఒక మెట్టు తగ్గించాను. ఇప్పుడు మలుపు దాటగానే మారుతోంది. పవరు తగ్గిస్తే వైఫై బాగుపడటం మామయ్యగారికి నచ్చలేదు.

ఇంకో సంగతి తేలింది. నా గదిలో వైఫై మీద 60 దాకా వస్తోంది. అదే రౌటర్ పోర్టుకి ల్యాప్‌టాప్ గుచ్చినా 94 దాటదు. వైరులో తప్పు లేదని శనివారమే చూశాం. పాత రౌటర్ పోర్టులు 100వి, దాన్లో లెక్కలు పోను మిగిలేది 94. నాకు చాలు. కానీ మనసు ఊరుకోదు.

జూన్ 29, ఆదివారం

కింద టీవీకి, ప్రింటరుకి, మామయ్యగారి కంప్యూటరుకి కూడా వైర్లిచ్చేద్దామని నెట్టు వైర్లన్నిటినీ ఒకచోట కలిపే ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్చి పెట్టాను. కదలని వస్తువులకి వైరు, చేతిలో తిరిగేవాటికి వైఫై. ప్రింటరు వంతు వచ్చేసరికి భోజనాల వేళయింది. దాని వైరు స్విచ్చికి పెట్టి, రెండో కొస అలాగే వదిలేసి లేచాను.

తిరిగొచ్చేసరికి ఇంట్లో ఎక్కడా నెట్టు లేదు. పైనా లేదు, కిందా లేదు. స్విచ్చి మీద లైట్లన్నీ ఒక్కసారే పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి. డబ్బా ఆపి ఆన్ చేశాను. రెండు నిమిషాలు వచ్చి మళ్లీ పోయింది.

అత్తయ్యగారు తుడుస్తూ ఒక వైరు కొస నేలమీద వేలాడుతుంటే, పాపం కాళ్లకి తగులుతుందని, స్విచ్చిలో ఖాళీగా ఉన్న కన్నంలో నీటుగా దోపారు. ఒకే వైరు రెండు కొసలూ ఒకే స్విచ్చిలో. ఒక చోట బయల్దేరిన కేక తిరిగి అక్కడికే వచ్చి, మళ్లీ బయల్దేరి, ఆగకుండా తిరుగుతూ అందర్నీ ముంచేసింది. చవక స్విచ్చిలకి అది కనిపెట్టే తెలివి ఉండదు. కొస పీకగానే అంతా చల్లబడింది.

తప్పు ఆవిడది కాదు, వేలాడదీసిన నాది. ప్రతి వైరుకీ రెండు కొసల్లోనూ కాగితం ముక్క మీద పేరు రాసి అంటించాను.

జూలై 5, శనివారం

మొన్న కరెంటు పోయినప్పుడు అసలు లోపం బయటపడింది. ఇన్వర్టరు కింద ఉంది. కింది డబ్బా వెలుగుతూనే ఉంది. పైన ఇన్వర్టరు లైను లేదు కాబట్టి పాత రౌటర్ ఆరిపోయింది. నెట్టు నా గోడ దాకా వచ్చి నిలబడి ఉంది, అందుకునే దిక్కు లేదు.

పాత రౌటర్ని పంపించడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. సీలింగుకి బిగించే గిగాబిట్ యాక్సెస్ పాయింటు, అంటే వైరులో వచ్చిన నెట్టుని వైఫైగా ఇచ్చే డబ్బా కొన్నాను. దానికి పక్కన ప్లగ్గక్కర్లేదు. కరెంటు కూడా నెట్టు వైరులోంచే తీసుకుంటుంది. దాన్ని పీవోఈ అంటారు, 2003లో వచ్చిన ప్రమాణం. కింద ఇన్వర్టరు ప్లగ్గులో ఒక ఇంజెక్టరు పెడితే అది డేటాతో పాటు 48 వోల్టుల కరెంటు పైకి పంపుతుంది, 15.4 వాట్ల దాకా.

మామయ్యగారు నమ్మలేదు. "అదే వైరు రేపు ఎవరైనా ల్యాప్‌టాప్‌కి గుచ్చితే?" మంచి ప్రశ్న. ప్రమాణం ప్రకారం చేసిన ఇంజెక్టరు ముందు చాలా తక్కువ వోల్టేజి పంపి, అవతల 25 కిలో ఓమ్‌ల నిరోధం ఉందా అని తడిమి చూస్తుంది. ఉంటేనే అసలు కరెంటు వదులుతుంది. ల్యాప్‌టాప్‌లో ఆ గుర్తు ఉండదు. అలా అడక్కుండా వదిలేసే చవక రకాలూ ఉన్నాయి, అందుకే పెట్టె మీద ఆ ప్రమాణం పేరు 802.3ఏఎఫ్ అని ఉన్నది చూసి తెచ్చాను. ఆయన మల్టీమీటరు తెచ్చి, ఖాళీ కొసలో పెట్టి చూశారు. 48 రాలేదు. అప్పుడు ఒప్పుకున్నారు.

"ఆ 14 రూపాయల వైరు వేసుంటే ఈ పని దాంతో అయ్యేదా?" అన్నారు. వారానికోసారి అంటున్నారు ఆ మాట.

జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి. అత్తయ్యగారి ఉపవాసం అయ్యేదాకా సీలింగులో డ్రిల్లు చప్పుడు వద్దన్నారు. సాయంత్రం బిగించాం. నా బల్ల దగ్గర మైనస్ 45, 5 గిగాహెర్ట్జ్ మీద 143.

జూలై 12, శనివారం

సాయంత్రం గాలివాన. మా ఆయనతో వీడియో కాల్లో ఉండగా ఏడున్నరకి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, ట్యూబులైటు ఆరింది. సీలింగు మీద యాక్సెస్ పాయింటు నీలం చుక్క మాత్రం వెలుగుతూ ఉంది. అవతలి మనిషికి నా గది చీకటైందని తప్ప ఇంకేం తేడా తెలియలేదు.

కింది నుంచి అత్తయ్యగారి కేక: "కరెంటు పోయింది, కిందికి రండే!"

"నెట్టుంది అత్తయ్యా, పది నిమిషాల్లో వస్తాం."

"నెట్టుంటే ఉక్కపోయదా?"

వాన తగ్గాక దిగి చూస్తే మామయ్యగారు హాల్లో లేరు. మిగిలిన వైరు చుట్ట కూడా లేదు. టార్చిలైటు నోట్లో పెట్టుకుని, వరండా నుంచి గేటు దాకా టేపుతో కొలుస్తున్నారు. కెమెరాకట. మిగిలిన తొమ్మిది మీటర్లు చాలదని నేను చెప్పలేదు.